చింతపులుసులో సైకిలు చైను

భీమశంకరరావుకి నరసన్నపేట బజారులో కిరాణా కొట్టుంది. తండ్రి పెట్టిన కొట్టు. పొద్దున్న షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా గల్లా దగ్గర కూర్చోవడమే తప్ప అరవై ఏళ్లు దగ్గరపడుతున్నా ఒళ్లు కదిలే పని ఎరగడు. సుగరు మూడు వందలు దాటిన రోజున డాక్టరు నడవమన్నాడు. మోకాళ్లు ఒప్పుకోలేదు. అయితే సైకిలు తొక్కమన్నాడు.

కొట్లో గుమస్తా తిరుమలరావు ఈమధ్యే మోటారుసైకిలు కొన్నాడు. అతని పాత సైకిలు ఇంటి పంచలో ఖాళీగా పడి ఉంటే భీమశంకరరావు తెప్పించుకున్నాడు. టైర్లు గట్టివే. బ్రేకులు పడుతున్నాయి. చైను మాత్రం తారు పూసినట్టు నల్లగా, మందంగా ఉంది. ఎన్నేళ్ల గ్రీజో, ఎన్ని రోడ్ల దుమ్మో. మొదటిరోజు తొక్కి వచ్చేసరికి తెల్ల పంచె అంచు కాటుక డబ్బాలో ముంచి తీసినట్టయింది.

ఆయన భార్య ఝాన్సీలక్ష్మి పంచె చేత్తో పట్టుకుని చూసింది. "ఎదురుగుండా సోములు షాపు పెట్టుకుని ఈ తిప్పలేటండీ? ఇచ్చీసి వస్తే గంటలో బాగుసేసి ఇస్తాడు కదా."

భీమశంకరరావు వినిపించుకోనట్టు లోపలికి వెళ్లిపోయాడు.

సోములు సైకిలు షాపు రోడ్డుకి అవతలి పక్క. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఒరే అంటే ఒరే అనుకున్నవాళ్లు. ఏడేళ్లుగా మాటల్లేవు. తిత్లీ తుపాను వచ్చే ముందు సాయంత్రం సోములు రోడ్డు దాటి వచ్చి, తల్లినీ పెళ్లాం పిల్లల్నీ ఆ ఒక్క రాత్రికి కొట్టు వెనక గోడౌన్‌లో ఉంచమని అడిగాడు. షాపు వెనకే ఉన్న సోములుది రేకుల ఇల్లు, గోడౌన్‌ది స్లాబు. దసరా సరుకు అప్పుడే దిగింది. "సోటు లేదురా, సూస్తన్నావు కదా" అన్నాడు భీమశంకరరావు. సోములు బస్తాల వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు. నాలుగు వరసలు పైకి సర్దితే పదిమంది పడుకునే చోటు వచ్చేది. ఆ సంగతి భీమశంకరరావుకి అప్పుడూ తెలుసు.

రేకులు ఆ తెల్లవారుజామునే ఎగిరిపోయాయి. ఆ తర్వాత తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. ఒకరినొకరు చూడటం మానేశారు, అంతే. అందుకని చైను తనే కడుక్కోవాలని నిశ్చయించుకున్నాడు.

పూర్వమైతే కిరసనాయిల్లో ముంచితే పోయేది. రేషన్లో కిరసనాయిలు ఆగిపోయి ఏళ్లయింది. అయితేనేం, కొట్టు నిండా జిడ్డు వదిలించే సరుకే ఉంది. ఆదివారం మధ్యాహ్నం పట్టకారుతో లింకు క్లిప్పు ఊడదీసి, చైను ఒక ప్లాస్టిక్ టబ్బులో వేసి, వేడినీళ్లు పోసి బట్టలసోడా కలిపాడు. పాత పళ్లబ్రష్షుతో రుద్దాడు. నీళ్లు నల్లబడ్డాయి. రెండోసారి గిన్నెలు తోమే లిక్విడ్ వేశాడు. మళ్లీ నల్లబడ్డాయి. మూడోసారికి బూడిద రంగు ఇనుము కనపడింది. అంతటితో ఆపితే బాగుండేది. ఇత్తడి బిందెలు చింతపండుతో మెరిసిపోవడం చిన్నప్పటి నుంచీ చూసినవాడు కనుక, గుప్పెడు చింతపండు పిసికి ఆ పులుసులో చైను వేసి మర్నాటి దాకా ఉంచాడు.

నిజంగానే మెరిసింది. "సూసావా? ఏ సోములూ అక్కర్లేదు" అని భార్యకి చూపించాడు. కడిగి, ఎండలో ఆరబెట్టి, తనే తగిలించాడు. నూనె పెడితే మళ్లీ జిడ్డవుతుందని పెట్టలేదు.

రెండు రోజులకి చైను మిరపకాయ రంగుకి తిరిగింది. కిర్రుకిర్రుమని బజారంతా వినపడే మోత. గాబరాపడి వేరుశనగ నూనె పోశాడు. మోత తగ్గింది గాని దారిలో లేచిన దుమ్మంతా దానికే అంటుకుంది. శుక్రవారం పొద్దున్న హైవే పక్క సర్వీసు రోడ్డులో తొక్కుతుంటే లింకులు బిగుసుకుపోయి చైను ఎగిరి చక్రం పళ్ల మీంచి జారింది. పెడలు ఖాళీగా గిర్రున తిరిగింది. ఆయన మోచెయ్యి గీరుకుపోయేలా ఇసకలో పడ్డాడు.

పెద్ద దెబ్బేం కాదు. లేచి, పంచె దులుపుకుని, సైకిలు నడిపించుకుంటూ ఊళ్లోకి వచ్చాడు. ఇంటికి వెళ్లాలంటే సోములు షాపు ముందు నుంచే దారి. రోజూ అక్కడికి రాగానే తల పక్కకి తిప్పుకునేవాడు. ఆవేళ కాళ్లే ఆగిపోయాయి.

సోములు పంక్చరు ట్యూబు నీళ్లలో ముంచి చూస్తున్నాడు. తల ఎత్తాడు. ముందు మోచెయ్యి చూశాడు, తర్వాత చైను చూశాడు.

"ఏటి పోసారండీ దీనికి?" అన్నాడు.

ఒరే అని పిలిచిన నోటి నుంచి ఆ 'అండీ' వినేసరికి భీమశంకరరావుకి మోచేతి మంట కంటే ఎక్కువ మండింది.

"సోడా. తరవాత చింతపండు."

"ఇనపదానికి పులుసా? తినీడానికేటి?" సోములు నవ్వలేదు. చైను విప్పి చేతి మీద పాములా వేలాడదీశాడు. కొన్ని లింకులు వంగాయి, కొన్ని కర్రలా నిలబడ్డాయి. "సబ్బునీళ్ల దాకా బాగానే సేసారు. ఆరగానే నూనె పెట్టాల. అది మానీసి పులుసులో ఉంచితే ఇనుముని తినీయదా?"

స్టూలు కాలితో ముందుకి తోశాడు. భీమశంకరరావు కూర్చున్నాడు. సోములు సబ్బునీళ్లలో చైను కడిగి, తుప్పు బ్రష్షుతో గీకి, గుడ్డతో తుడిచి, బిగుసుకున్న రెండు లింకులు తీసేసి కొత్తవి వేశాడు. అది ఎండలో పూర్తిగా ఆరాక కుట్టుమిషను నూనె చిన్న డబ్బాతో ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క వేసుకుంటూ పోయాడు. చివర పొడిగుడ్డతో పైనున్నదంతా తుడిచేశాడు.

"పెట్టిందంతా తుడిసీసావేటి?"

"లోపలికెల్లింది సాలు. పైనుంటే దుమ్ము పట్టీస్తాది."

భీమశంకరరావు ఆ చేతుల వంకే చూశాడు. తర్వాత, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టుగా అన్నాడు. "ఆ సాయంత్రం గోడౌన్‌లో సోటు సెయ్యొచ్చురా. సెయ్యలేదు."

సోములు గుడ్డ కింద పెట్టాడు.

"దానికి కాదు నాకు కోపం," అన్నాడు. "పండగ సరుకు. యాపారం. సోటు లేదన్నావు, సరే. తెల్లారి రేకులెగిరిపోయి మేం రోడ్డు మీద కూకున్నాం. నువ్వు కొట్టు తీసావు. ఇటు సూసావు. సూసి, సగం షట్టరు దించీసి లోపలికెల్లిపోనావు. ఎలగున్నార్రా అని ఒక్క మాట అడగలేదు."

భీమశంకరరావు ఏడేళ్లుగా తనకి తాను జవాబు చెప్పుకున్నదంతా బస్తాల గురించే. ఎన్ని బస్తాలు, ఎంత చోటు, తడిస్తే ఎంత పోయేది. ఆ మర్నాటి పొద్దున్న సంగతి ఆయన లెక్కలోకే రాలేదు.

"సిగ్గేసిందిరా," అన్నాడు.

"సిగ్గుతో నువ్వు లోపలికెల్లిపోనావు. వానకి మేం బయటే ఉండిపోనాం."

సోములు చైను తగిలించి పెడలు తిప్పాడు. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది.

"వారానికోసారి పొడిగుడ్డతో తుడుసుకోవాల. ఆదివారం ఒస్తే సూపిస్తాను. నాను మాత్రం తుడవను, నువ్వే తుడుసుకో."

భీమశంకరరావు ఆదివారం వెళ్లాడు. గుడ్డ తీసుకుని స్టూలు మీద కూర్చుని లింకు లింకూ తుడుస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు. "మరి ఆ రోజు ఎక్కడికెల్లార్రా?"

సోములు ట్యూబు పక్కన పెట్టాడు. చెప్పడం మొదలెట్టాడు. బడి వరండాలో మూడు రోజులు. తల్లి గురమ్మకి జ్వరం. కూతురి చంటిపిల్ల పాలకి ఏడుపు. కరెంటు లేని ఊళ్లో కొబ్బరిచెట్ల మొదళ్లు దాటుకుంటూ మందుల కోసం తిరగడం. రేకు ఒకటి చెరువు గట్టున దొరికితే నెత్తిన పెట్టుకుని మోసుకురావడం. చెబుతూ ఒకచోట నవ్వాడు కూడా. చైను ఎప్పుడో శుభ్రపడింది. అయినా భీమశంకరరావు గుడ్డ దించలేదు.

ఇంటికి వచ్చేసరికి అన్నం చల్లారింది.

"సైకిలు తుడవడానికి ఇంతసేపేటండీ?" అంది ఝాన్సీలక్ష్మి.

"సోములు తుపాను సంగతులు సెప్పాడు."

"ఏడేళ్లయిపోయింది. ఇప్పుడేటి?"

"ఇప్పుడే కదా అడిగాను," అని ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.