మూడు నీళ్ళసంచులు

వ్యాగన్ మళ్ళీ పొగలు కక్కింది. మళ్ళీ అక్కడే, తుప్పుపట్టిన గాలిమర దాటాక వచ్చే ఎండువాగు దగ్గర. వెర్నా రెండు చేతులతో స్టీరింగ్‌ను ఒక్క చరుపు చరిచి, వాళ్ళ నాన్న బతికుంటే చెవి మెలిపెట్టేలాంటి మాట ఒకటి అంది.

"అక్కా, ఇంజను ఆపు," అన్నాడు పక్క సీట్లోంచి క్లెమ్.

"ఆపక జోలపాడతాననుకున్నావా?"

టైము తొమ్మిదీ పది. పోర్ట్ పట్నంలోని ఆసుపత్రికి ఇంకా యాభై కిలోమీటర్లుంది. పదిన్నరకల్లా క్లెమ్ అక్కడ డయాలసిస్ కుర్చీలో ఉండాలి. వారానికి మూడుసార్లు ఇదే పని. ఈ వేసవిలో ఐదుసార్లు ఆలస్యంగా చేరారు, రెండుసార్లు అసలు చేరనే లేదు. పోయిన వారం నర్సు రొవీనా వెర్నాను పక్కకు పిలిచి, "ఈ బండిని నమ్ముకుంటే ఆయన ప్రాణం మీదికొస్తుందండీ. అడిలైడ్‌లో ఆసుపత్రి పక్కనే హాస్టలుంది. ఈ ఫారం నింపి తీసుకురండి," అంది. అరవై మూడేళ్ళ క్లెమ్ సొంతూరు వరాటా వదిలి ఎక్కడా వారం రోజులు ఉన్నవాడు కాదు. అడిలైడ్‌లో మూడు రోజులుంటే గోడలతో మాట్లాడతాడు. ఆ సంగతి తెలిసి కూడా వెర్నా మొన్న రాత్రి తన చోట సంతకం పెట్టేసింది. తమ్ముడు సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. వాడితో ఎలా చెప్పాలో తోచక, కాగితాన్ని బండిలో సీటు ముందున్న అరలో పడేసింది.

ఈ బండికి చేయించని వైద్యం లేదు. నవంబరులో, ఇక్కడి వేసవి మొదలవుతుండగా, రేడియేటర్ గొట్టం పగిలితే మెకానిక్ డగ్గన్ కొత్తది వేశాడు. అది నిజమైన జబ్బే, కాదనడానికి లేదు. ఆ తర్వాత కూడా పొంగుతుంటే థర్మోస్టాట్ మార్చాడు. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ మూత, చివరికి వాటర్ పంపు కూడా మార్చాడు. మార్చిన ప్రతిసారీ ధాన్యం గోదాముల దాకా తోలి చూసి, "నిక్షేపంలా ఉంది వెర్నక్కా. జ్వరం బండికి కాదు, నీకే," అని ఇకిలించేవాడు. వాడి చేతిలో అది ఒక్కసారైనా పొంగలేదు మరి. పోర్ట్ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు కూడా బుద్ధిమంతురాలిలా వచ్చేది. వెళ్ళేటప్పుడే దానికి పూనకం. బండికి తనమీద కక్ష అనే నమ్మకం వెర్నాకు కుదిరిపోయింది.

క్లెమ్ తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టాడు. పాదం పొంగిన రొట్టెలా ఉంది.

"ఎక్కడికి?"

"సంచులు విప్పొద్దూ? చల్లారాక నీళ్ళు పొయ్యాలిగా."

"నువ్వు ఆ చెట్టు కింద కూర్చో. నిలబడి పడిపోయావంటే నిన్ను కూడా నేనే మొయ్యాలి."

ఎప్పుడూ ఆ పని క్లెమ్‌దే. బండి ఆగగానే దిగి, ముందు ఇనుప బంపరుకు వేలాడే కాన్వాస్ సంచులు విప్పేవాడు. రేడియేటర్ చల్లారాక లోపలికి సరిపడా పోసి, మిగిలింది దాని ముఖాన చల్లేవాడు. ఖాళీ సంచులు వెనక పడేసేవాడు. "పోర్ట్ కుళాయి నీళ్ళు బండికి కూడా పట్టను," అని మళ్ళీ ఇంటి వాన ట్యాంకు దగ్గరే నింపేవాడు. ఈలోగా వెర్నా సీట్లో కూర్చుని డగ్గన్‌ను తిట్టేది. బండి ముందు సంచి ఉందా లేదా అని ఆమె ఏనాడూ చూడలేదు. పుట్టినప్పటి నుంచీ అక్కడ ఉన్నదే కదా, నంబరు ప్లేటును ఎవరు చూస్తారు?

ఇవాళ సంచులు మూడున్నాయి. ముందు నాన్న సంచి ఒకటే ఉండేది. రెండోది జనవరిలో వచ్చి చేరింది. మూడోదాని కుట్టు ఇంకా కొత్తగా ఉంది. మూడింటి మీదా మిడతలు అంటుకుని ఉన్నాయి. ఈ వారం ఊరి మీద పడ్డ దండు అది. ఛీ అనుకుంటూ ఒక్కొక్కటే విప్పి కింద పెట్టి, మూడోది చేతిలో ఉండగానే వెర్నా ఆగిపోయింది.

రేడియేటర్ జాలీకి అంచుల వెంబడి, సందుల్లోనూ చచ్చిన మిడతలు పేస్టులా అతుక్కుపోయి ఉన్నాయి. మధ్యలో మూడు చోట్ల మాత్రం ఒక్క రెక్క లేదు. సంచి అంత నలుచదరాలు మూడు, తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి. నూరు కిలోమీటర్ల వేగంతో వస్తే మిడత కూడా దూరని చోట గాలి ఎలా దూరుతుంది?

"ఒరేయ్ క్లెమ్! ఇలా రా!"

"కూర్చోమన్నావుగా."

"ఇప్పుడు రమ్మంటున్నాగా!"

వాడు కుంటుకుంటూ వచ్చి చూశాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ముడుచుకున్నాడు.

"నాన్న జీవితమంతా కట్టుకు తిరిగాడు. ఆయనకేం కాలేదే?"

"నాన్న ఒక్కటి కట్టాడు, పక్కగా కట్టాడు, నలభై మైళ్ళ మీద ఏనాడూ తోలలేదు. నువ్వు కిటికీకి దుప్పటి కట్టినట్టు కట్టావు! బండి పొంగుతుందని నీళ్ళు తెస్తావు, నువ్వు నీళ్ళు తెస్తావని బండి పొంగుతుంది. డగ్గన్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఇవెక్కడున్నాయి?"

"వరండాలో. గారేజీకి నీళ్ళెందుకు?"

వెర్నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, ముఖ్యంగా ఎవరినైనా కొట్టాలనిపించింది. పంపు, బెల్టు, థర్మోస్టాట్, వాన ట్యాంకు నీళ్ళతో సహా వేసవంతా తగలడింది. దీనికంతటికీ కారణం ఎదురుగా నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నాడు.

నలభై నిమిషాలు చల్లారనిచ్చి, గుడ్డతో మూత తిప్పి నీళ్ళు పోశారు. సంచులను వెర్నా వెనక సీటు కింద కుక్కేసింది. బండి కదిలింది. క్లెమ్ కళ్ళు వేడి ముల్లు మీద, వెర్నా కళ్ళు గడియారం మీద. ముల్లు సగంలో కూర్చుని ఇంక లేవలేదు. చివరి ఎత్తు ఎక్కేటప్పుడు కూడా లేవలేదు. ఎదురుగా సముద్రపు పాయ కనిపించింది.

"మూడోది నిన్న కుట్టా," అన్నాడు క్లెమ్ ఉన్నట్టుండి.

"తెలుస్తూనే ఉందిలే. ఎందుకు పుట్టిందో ఆ బుద్ధి?"

"మూత తిప్పే గుడ్డ కోసం ఈ అర తెరిచా. కాగితం కనబడింది. నీ సంతకం కూడా." వాడు ముల్లు మీంచి చూపు తిప్పలేదు. "ఇంకాసిన్ని నీళ్ళుంటే టైముకి చేరతాంలే, అక్క నన్ను పంపదులే అనుకున్నా."

రోజుకు ఒక్క లీటరుకు మించి తాగకూడనివాడు, నాలుక పిడచకట్టుకుపోతున్నవాడు, రాత్రి కూర్చుని బండి కోసం సంచి కుట్టాడు. "వెధవా," అంది వెర్నా.

ఆసుపత్రి ముందు ఆగేసరికి పదీ ఇరవై ఆరు. "ఆ అర తెరిచి కాగితం ఇలా ఇవ్వు," అంది.

క్లెమ్ తీసి ఇచ్చాడు. వెర్నా దిగి, కాగితాన్ని నాలుగు మడతలు వేసి, కాస్త ఉమ్మి తడిపి, ముందు అద్దం మీది మిడతలను గట్టిగా రుద్ది రుద్ది తుడిచి చెత్తడబ్బాలో పడేసింది.

లోపల రొవీనా కుర్చీ సిద్ధం చేస్తూ, "ఇవాళ టైముకే వచ్చారే! ఫారం తెచ్చారా?" అని అడిగింది.

"తెచ్చాను. అద్దం తుడవడానికి పనికొచ్చింది," అని, వెర్నా తమ్ముడి చొక్కా చెయ్యి పైకి మడిచింది.