కొంగున కట్టిన ఆమెన్

ఆటోలో మొదలుపెట్టిన ప్రార్థన ఇంకా అవలేదు. అవదు కూడా, ఎందుకంటే దాని ఆమెన్ నా చీర కొంగున ముడేసి ఉంది.

మా పల్లె ఆడవాళ్ళం మిరపకోతకు పొద్దున్నే ట్రాలీ ఆటోలో పోతాం. బండి కదలగానే ప్రార్థన మొదలవుతుంది, కాలవ వంతెన దగ్గరకొచ్చేసరికి ముగుస్తుంది. ప్రార్థన రోజుకొకరి వంతు. చివర ఆమెన్ మాత్రం ఎప్పుడూ మా సువార్తమ్మక్కదే. అక్క నా తోడికోడలు. ఆమె ఆమెన్ అన్నదంటే కాలవ గట్టున కాకులన్నీ ఒక్కసారి లేస్తాయి. తక్కినవాళ్ళ ఆమెన్లు పక్కనున్నవాళ్ళకు కూడా వినపడవు.

ఆ రోజు వంతు నాది. "మా రాకపోకల్లో" అన్నదాకా వచ్చాను, ఆటో కాలవలోకి పల్టీ కొట్టింది. అక్క నోట్లో అప్పటికే సిద్ధంగా ఉన్న ఆమెన్ ఎగిరొచ్చి నా ఒళ్ళో పడింది. పారేయలేను కదా, కొంగున ముడేసుకుని ఒడ్డెక్కాను. అది అప్పుడే పెట్టిన కోడిగుడ్డంత వెచ్చగా ఉంటుంది. ఎవరైనా "యేసు నామమున" అంటే ముడిలో కదులుతుంది.

ఆసుపత్రిలో డాక్టరు ఒక్కొక్కరినీ చూసుకుంటూ వస్తాడు. ఒకరికి చెయ్యి విరిగింది, ఒకరికి తల పగిలింది, కట్లు కడతాడు. అక్క దగ్గర ఆగి, ఆమె చనిపోయిందని చెబుతాడు.

"ప్రార్థన ఇంకా అవలేదు గదండీ," అంటాను. "మధ్యలో ఎట్టా లేచి పోద్ది?"

డాక్టరు కాసేపు ఆలోచిస్తాడు. "అదీ నిజమే," అని చెవుల్లోంచి గొట్టాలు తీసి మెళ్ళో వేసుకుంటాడు.

అలా అక్క నాతో ఇంటికొస్తుంది. తలమీద ముసుగు, మూసిన కళ్ళు, చీర అంచునుంచి ధారగా కాలవ నీళ్ళు. వచ్చి మా గడప మీద కూర్చుంటుంది. ఆ నీళ్ళకు గుమ్మం పక్క గోంగూర చూరు దాటి పెరుగుతోంది. పచ్చడికి కావాలంటే నిచ్చెన వేసుకుని కోస్తున్నాం.

కబురు తెలిసిన పూటే మా మందిరం మోకాళ్ళ మీద కూర్చుంది. సంఘమంతా మోకరిస్తే తానొక్కటే నిటారుగా నిలబడి ఉండటం బాగుండదనుకుని ఉంటుంది. గుమ్మం నడుం దాకా దిగింది కాబట్టి పాక్కుంటూ లోపలికి పోతున్నాం. కప్పు మీది సిలువ చేతికందుతోంది. పిల్లలు దాని భుజం మీద చెయ్యేసి కబుర్లు చెబుతున్నారు. గంట జానెడు ఎత్తులో వేలాడుతోంది, కోళ్ళు తగిలినప్పుడల్లా మోగుతోంది.

ప్రార్థన నడుస్తుండగా కళ్ళు తెరవకూడదు. అందుకని పల్లె మొత్తం కళ్ళు మూసుకునే ఉంటుంది. కళ్ళు మూసుకుని వండుతాం, కళ్ళు మూసుకుని గేదెల్ని తోలుకొస్తాం. నా కూరలో ఉప్పు పక్కింటావిడ వేస్తోంది, ఆవిడ కూరలో కారం నేను వేస్తున్నాను. నిజం చెప్పొద్దూ, కూరలు మునుపటికంటే బాగున్నాయి. ఏసోబు తాత ఒక్కడే ఒక కన్ను సగం తెరిచి ఉంచుతాడు. ఆయన సంఘపెద్ద. ప్రార్థనలో ఎవరు కళ్ళు తెరిచారో కనిపెట్టడానికి ఆయన ఎప్పుడూ అలాగే ఉంచుతాడు.

పాస్టరు బర్నబాసు అయ్యగారి అవస్థ చెప్పనలవి కాదు. ఆమెన్ లేనిదే ఆయన ఆపలేరు. అక్క కుటుంబం కోసం, విరిగిన చేతుల కోసం, ఆటో నడిపినవాడి కోసం, వానల కోసం, అధికారుల కోసం ప్రార్థించారు. అవన్నీ అయిపోయాయి. ఇప్పుడు తెగిన చెప్పుల కోసం, ఎడమచేతివాటం వాళ్ళ కోసం, దారి తప్పిన కోళ్ళ కోసం ప్రార్థిస్తున్నారు. కోళ్ళు తిరిగొస్తున్నాయి. మావి కానివి కూడా వస్తున్నాయి, వాటికీ గింజలు చల్లుతున్నాం.

తలా ఒకరు తమ తమ ఆమెన్లు తెచ్చి వేసి చూశారు. సరిపోవడం లేదు. పెద్ద బిందె మీద చిన్న మూత పెట్టినట్టు అన్నీ లోపల పడిపోతున్నాయి. అసలుది నా దగ్గరుందని అందరికీ తెలుసు. నేనేం దాచలేదు.

"అమ్మా దీనమ్మా, ఆ ముడి కాస్త ఇప్పుకోరాదా?" అంటాడు ఏసోబు తాత. "నాటుకోడి కూర వండిస్తా."

"వండించండి తాతా."

వండించాడు. తిన్నాను. ఇవ్వలేదు. నాటుకోడి వేరు, తోడికోడలు వేరు.

ఆమెన్ అంటే ఏమవుతుందో నాకు తెలుసు. ప్రార్థన అయిపోతే ఎవరి దారిన వాళ్ళు లేచి పోతారు. అక్క కూడా లేచి పోతుంది. నేను కాపరానికి వచ్చిన నాటినుంచి మిరపచేలో నా వంతు సాళ్ళూ ఆమె వంతు సాళ్ళూ పక్కపక్కనే. ఎవరి వంతు సాళ్ళను వాళ్ళ మునుం అంటాం. తన మునుంలోనుంచి ఆమె, "తొడిమ ఊడకుండా కొయ్యవే," అంటుంది. "నీ మునుం నువ్వు చూసుకో," అని నేనంటాను. పొద్దుగూకేదాకా ఇదే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, మేము ఇమడకుండానే ఇన్నేళ్ళు ఒక పంచన కాపరాలు చేశాం. పక్క మునుం ఖాళీగా ఉంటే నాకు చేతులాడవు. ఆ ఖాళీ తలుచుకుంటేనే భయమేస్తుంది, ఆ భయానికి ముడి ఇంకోసారి బిగిస్తాను.

ఇదంతా ఇట్లాగే హాయిగా సాగిపోయేది, కెజియా లేకపోతే.

కెజియా అక్క కూతురు. పురిటికి పుట్టింటికొచ్చింది. నెలలు నిండాయి, నిండి పొంగుతున్నాయి, బిడ్డ మాత్రం రావడం లేదు. నర్సమ్మది పక్క ఊరు కాబట్టి ఆమె కళ్ళు తెరిచే ఉంటాయి. స్కానింగు బొమ్మను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి చెబుతుంది. బిడ్డ మోకాళ్ళ మీద ఉందట. రెండు చేతులూ జోడించి, నెత్తిన ముసుగేసుకుని ఉందట.

"ప్రార్థన అయ్యేదాకా లేవదంట," అంటుంది నర్సమ్మ. "బాగా పెంచారు."

ఇంకా పుట్టని పిల్లను ఇంత భయభక్తుల్లో పెంచింది ఎవరో నాకు తెలుసు. రోజూ రెండు పూటలా ఆ కడుపు మీద చెయ్యేసి పాటలు పాడిన మనిషి మా గడప మీదే కూర్చుని ఉంది.

కెజియా పొట్ట గదిలో పట్టక వసారాలోకి వస్తుంది. మందిరం బెంచీలు తెచ్చి దాని కింద ఊతం పెడతాం. ఇరుగుపొరుగువాళ్ళు ఆ పొట్ట నీడన కూర్చుని మిరపల్లో తాలుకాయలు ఏరుకుంటారు, ఒలక్కుండా కెజియాకు మజ్జిగ పట్టిస్తారు. అందరూ నవ్విస్తూనే ఉంటారు. కెజియా కూడా నవ్వుతుంది. ఒక పొద్దున మాత్రం నవ్వకుండా నా చెయ్యి పట్టుకుంటుంది.

"పిన్నీ, ఇంక మొయ్యలేకపోతన్నా."

అంతే అంటుంది. అమ్మను పంపించమని అడగదు. అడిగి ఉంటే, తాత వండించిన కోడికూర తిని ఎగ్గొట్టినట్టు, ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. అడగలేదు కాబట్టి తప్పించుకోలేకపోతున్నాను.

పోయి గడప మీద అక్క పక్కన కూర్చుంటాను. నా చీర కూడా తడుస్తుంది.

"నా ఆమెన్ నాకియ్యవే," అంటుంది అక్క.

"ఇయ్యను. ఇస్తే పోతావు."

"పోతా. పోకుండా ఈడనే నాని నాని ఊరగాయనవ్వాలా?"

"గోంగూరకు నీళ్ళెవరు పోస్తారు?"

"బిందె లేదా నీకు? ఒళ్ళొంగదు గానీ."

పిల్లలు సిలువకు ఏదో కథ చెబుతున్నారు, వాళ్ళ గొంతులు వినపడుతున్నాయి.

"దేవుడు అప్పట్నించీ చెవి ఇటేసుకొని ఉన్నాడే," అంటుంది అక్క. "మెడ పట్టేస్తది ఆయనకి. మొదలుపెట్టింది నువ్వే గదా. 'మా రాకపోకల్లో' అని ఆపావు. రాకపోకల్లో ఏందీ? ఏం కావాలో చెప్పకపోతే ఆయన మాత్రం ఏం జేస్తాడు?"

నిజమే. నేనింకా ఏమీ అడగనే లేదు.

"పక్క మునుంలో ఎవరుంటారక్కా?" అంటాను చివరికి.

"ఎవర్నో ఒకర్ని పంపుతాడులే. ఖాళీగా ఎందుకొదులుతాడు? అసలే తొడిమలు ఊడగొట్టేదానివి, కనిపెట్టుకొని ఉండేవాళ్ళు గావాలిగా."

అని, కళ్ళు తెరవకుండానే నా మొహం తడిమి, తన కొంగుతో తుడుస్తుంది. ఆ కొంగు నిండా కాలవ నీళ్ళే కాబట్టి నా మొహం ఇంకా తడుస్తుంది. ఆమె తుడుస్తూనే ఉంటుంది, నేను తుడిపించుకుంటూనే ఉంటాను.

పల్లె మొత్తం పాక్కుంటూ మందిరంలోకి పోతాం. కెజియా పొట్ట గుమ్మంలో పట్టదు, అందుకని మంచం కిటికీ పక్కన వేస్తాం. పొట్ట కిటికీకి ఆనుకుని లోపలికి చెవి పెడుతుంది. అక్క తన చాప మీద తన చోటులో కూర్చుంటుంది. నేను వచ్చిన అలికిడి విని అయ్యగారు దారి తప్పిన మేకల కోసం ప్రార్థన దగ్గర ఆగి, ఇన్నాళ్ళలో మొదటిసారి ఊపిరి పీల్చుకుంటారు.

ముడి తడికి బిగుసుకుపోయింది, పళ్ళతో లాగాల్సి వస్తుంది. ఆమెన్ తీసి అక్క అరచేతిలో పెడతాను. అక్క దాన్ని తమలపాకు చిలకలా బుగ్గన పెట్టుకుంటుంది.

"కానియ్యి," అంటుంది.

"మా రాకపోకల్లో తోడుండు తండ్రీ," అంటాను. మిగిలింది ఇంత చిన్న మాట అని నాకు ఇప్పటిదాకా తెలియదు. "పోయేవాళ్ళకు తోడుండు. వచ్చేవాళ్ళకు తోడుండు. మధ్యలో మేం బండెడుమందిమి ఉన్నాం, మాకూ తోడుండు. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ."

అక్క ఆమెన్ అంటుంది.

కాలవ గట్టున కాకులన్నీ ఒక్కసారి లేస్తాయి. పల్లె మొత్తం కళ్ళు తెరుస్తుంది. ఏసోబు తాత రెండో కన్ను కూడా తెరిచి, మనవలిద్దరే ఉన్నారనుకుంటున్న చోట పక్కింటి మేకపిల్ల కూడా ఉందని చూస్తాడు. కళ్ళు మూసుకుని గీసుకున్నందుకు అయ్యగారి మీసం ఒకవైపే మిగిలింది. ఒకాయన భార్య జాకెట్టు వేసుకుని ఉన్నాడు, ఆవిడ ఇన్నాళ్ళూ ఆ జాకెట్టు కోసం ఇల్లంతా వెతుకుతోంది. ముందు ఎవరో కిసుక్కుమంటారు, తర్వాత మందిరమంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. నేనూ నవ్వుతూ, అయ్యగారి మీసం అక్కకు చూపిద్దామని పక్కకు తిరుగుతాను.

చాప మీద తడి మరక ఉంది. అంచులనుంచి ఆరిపోతోంది.

నేను ఏడుస్తాను. నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే, గట్టిగా, సిగ్గు లేకుండా ఏడుస్తాను. నన్ను చూసి మిగతావాళ్ళూ ఏడుస్తారు. ఇన్నాళ్ళు మూసుకున్న కళ్ళు కదా, అందరి దగ్గరా చాలా నీళ్ళున్నాయి.

అప్పుడు కిటికీలోంచి బిడ్డ వస్తుంది. ఆడపిల్ల. చాలాసేపు మోకరించి లేచినవాళ్ళందరూ చేసేదే చేస్తుంది. ముందు కాళ్ళు చాపుకుంటుంది, ఒళ్ళు విరుచుకుంటుంది, ఆ తర్వాతే కేరుమంటుంది.

"తిమ్మిరెక్కుంటయ్యి పాపం," అని ఏసోబు తాత ఆ పాదాలు రుద్దుతాడు.

కెజియా తన పొట్టను తానే చూసుకుని, "అమ్మో, ఎంత తేలిగ్గా ఉందో," అని నిద్రపోతుంది.

ప్రార్థన అయిపోయింది కాబట్టి మందిరం కూడా లేస్తుంది. మోకాళ్ళు పటుక్కుమంటాయి. మేమింకా లోపలే ఉన్నాం, ఒక్కొక్కరం మెట్ల మీదనుంచి కిందికి దూకుతాం. మందిరం మోకాళ్ళ మట్టి దులుపుకుని, సిలువ తిన్నగా ఉందో లేదో ఒకసారి ఊగి చూసుకుంటుంది.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటో వస్తుంది. కాలవలోంచి తీసిన బండే, సీట్ల కింద ఇంకా చిన్న చేపపిల్లలు తిరుగుతున్నాయి. ఎక్కుతాం. నా పక్క చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను. ప్రార్థన మొదలవుతుంది, వంతెన దగ్గరకొస్తుంది, చివర మాట ఎవరనాలో తెలియక అందరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.

వెనకనుంచి గంట ఒక్కసారి మోగుతుంది. కాకులు లేస్తాయి.

తిరిగి చూస్తే మందిరం వస్తోంది. వంతెన తన బరువుకు ఆగదని కాలవలో దిగి, మెట్లు తడవకుండా కుచ్చిళ్ళలా పైకెత్తి పట్టుకుని అడుగులో అడుగేస్తోంది. లోపల దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో కెజియా బిడ్డ నిద్రపోతోంది.

చేలో మేస్త్రి మునాలు పంచుతాడు. మందిరం ఎవరినీ అడగకుండా నా పక్క మునుంలో నిలబడుతుంది. తలుపు రెక్కలు రెండూ చాపి, వంగి, కాయలు కోయడం మొదలుపెడుతుంది. వంగినప్పుడల్లా ఉయ్యాల ఊగుతుంది. పని కొత్త కదా, తొడిమలన్నీ ఊడిపోతున్నాయి.

"తొడిమ ఊడకుండా కొయ్యవే," అంటాను.

మందిరం నడుం ఎత్తి నా వైపు చూస్తుంది. నెత్తిన సిలువ సర్దుకుంటుంది. నీ మునుం నువ్వు చూసుకో అన్నట్టు ఒక్క గంట కొట్టి, మళ్ళీ మిరపచెట్ల మీదికి వంగుతుంది.