మూడుకి మించని మార్కులు

రామ్మోహనరావు గారు ఎవరికీ మూడుకి మించి మార్కులు వెయ్యరు. బాలానగర్‌లో ఓ ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా కూర్చుని, కింది ఉద్యోగుల పనితీరు మీద ఏటేటా రిపోర్టులు రాసీ రాసీ ఆయన చెయ్యి అలా బిగుసుకుపోయింది. అలాంటి మనిషి చేతికి కొడుకు అవినాష్ మూడు వందల పాటలు అప్పజెప్పాడు.

అవినాష్‌కి హైటెక్ సిటీలో ఉద్యోగం. తొంభై తొమ్మిది వేసవిలో కొత్తగూడలోని అద్దె ఫ్లాటుకి కంప్యూటరు కొని తెచ్చి, స్నేహితుల దగ్గర పోగేసిన పాటలన్నీ అందులోకి ఎక్కించాడు. ఓ పట్టిక కూడా కట్టాడు. పాట పేరు, పాడినవాళ్ళ పేరు, చివరి గడిలో ఒకటి నుంచి ఐదు దాకా మార్కు.

"మీరు విని మార్కులు వెయ్యండి నాన్నగారూ. నచ్చినవి జాబితాలుగా పెట్టుకోండి. నాకు తీరిక ఎక్కడ ఏడ్చింది?" అన్నాడు.

ఇక చూస్కోండి. పొద్దున్న కాఫీతో వినేవి ఒక జాబితా. ఆదివారం భోజనమయ్యాక కునుక్కి ముందు వినేవి ఒకటి. బస్సు దొరక్క విసిగి వేసారి ఇల్లు చేరిన సాయంత్రం వినేవి మరొకటి. ఒక్క చూపుడు వేలితో టైపు చేస్తూ, మహా మహా గాయకులకి కూడా రెండు, రెండు, మూడు వేసుకుంటూ పోయారాయన. అదేమిటని కొడుకు అడిగితే, "ఇప్పుడే ఐదు వేసేస్తే, రేపు ఇంతకంటే బాగా పాడేవాడు వస్తే వాడికేం వెయ్యాలిరా?" అన్నారు.

ఆయన భార్య బాలాత్రిపురసుందరికి ఈ ధోరణి కొత్త కాదు. ఆవిడ గుత్తివంకాయ కూర వండితే చుట్టాలంతా లొట్టలేస్తారు. ఈయన మాత్రం "పరవాలేదు" అని ఇంకో రెండు కాయలు వడ్డించుకుంటారు. ఆ రెండో వడ్డనే మెప్పనుకుని ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ళు సరిపెట్టుకుంది. కానీ మనిషన్నాక ఒక్కసారైనా చెవులతో వినాలని ఉంటుంది కదా!

ఓ ఆదివారం రామ్మోహనరావు గారు హఫీజ్‌పేటలో ఉన్న స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్ళినప్పుడు, అవినాష్ కొత్త మైకు పట్టుకొచ్చి తల్లిని ఏదైనా పాడమన్నాడు. మూడుసార్లు వద్దంది. నాలుగోసారి చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, పెద్దమ్మ నేర్పిన కృష్ణుడి పాట మొదటి నుంచి చివరి దాకా పాడేసింది. అవినాష్ దాన్ని పట్టికలో ఆఖరి వరసలో చేర్చాడు.

అప్పటి నుంచి సుందరమ్మకి మనసు మనసులో లేదు. సోమవారం పది పాటలకి మార్కులు పడ్డాయి. బుధవారం ఇంకో పన్నెండింటికి పడ్డాయి. ఆవిడ పాట పక్కన గడి మాత్రం ఖాళీ. దుమ్ము తుడిచే వంకతో రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకునేది. శనివారం నాటికి పనిమనిషి పోచమ్మ కనిపెట్టేసింది.

"ఏందమ్మా, ఆ డబ్బ దిక్కే చూస్తున్నవ్?"

"నా పాటకి మీ సారు మార్కు వెయ్యలేదే."

"గంతేనా! సారునే అడుగరాదు? జర గట్టిగ అడుగు."

మర్నాడు కాఫీ గ్లాసు ఇస్తూ అడిగేసింది. "ఏవండీ, నా పాట అంత అధ్వాన్నంగా ఉందా?"

రామ్మోహనరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సొంతవాళ్ళ మీద మనమే రిపోర్టు రాయకూడదు సుందరీ. రూల్సు ఒప్పుకోవు."

సుందరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఇదేమన్నా మీ ఆఫీసా? ఇన్నేళ్ళుగా నాతో ఒక్క మంచి మాట అనకపోవడానికీ రూల్సేనా అడ్డం? పోనీ, ఒకటి వెయ్యండి. బాగాలేదని తెలుసుకుని ఊరుకుంటాను. ఈ ఖాళీ గడి మాత్రం నేను చూడలేనండీ."

ఆయన తలెత్తకుండానే అన్నారు.

"పెళ్ళిచూపుల్లో ఇదే పాట ఎత్తుకున్నావు. ఒక్క చరణం పాడి, సిగ్గేసి లోపలికి పరిగెత్తావు."

సుందరమ్మ నిర్ఘాంతపోయింది. ఆ సంగతి ఈయనకి గుర్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

"మిగతా పాట ఎలా ఉంటుందా అని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. మొదట్లో అడగడానికి మొహమాటం. తర్వాత పిల్లాడు, బదిలీలు. ఆ తర్వాత ఇన్నేళ్ళకి అడిగితే నవ్వుతావేమోనని భయం. ఈ వారమంతా నువ్వు బజారుకి వెళ్ళినప్పుడల్లా పెట్టుకుని వింటున్నాను. మార్కు వేద్దామని కూర్చుంటే, ఐదు కూడా తక్కువే అనిపిస్తోంది."

"అయితే బాగుందా అండీ?"

"చాలా బాగుంది సుందరీ."

ఆవిడ పక్కనున్న కుర్చీలో కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంకోసారి అనండి," అంది.

అన్నారు.