కొప్పు దాటని టార్పాలిన్

మంగళవారం సాయంత్రం, ఎండాకాలంలో లేచే కాలబైశాఖి గాలివానకి పక్కింటి పనసకొమ్మ విరిగి, మీనాకుమారి ఇంటి వెనక కప్పు మీద పడింది. పాతిక పెంకుల దాకా పొడయ్యాయి. ఆ వారం ఝపటాపూర్ పేట మొత్తంలో పెంకులు నేసేవాడు ఎవరికీ చిక్కడం లేదు. పదిరోజులు ఆగమన్నాడు మేస్త్రీ. భర్త ప్రేమ్‌కుమార్ గూడ్సు బండి మీద డ్యూటీలో ఉన్నాడు. టార్పాలిన్ కప్పించే పని ఆమె మీదే పడింది.

పెంకులు పోయిన చోటుకి సరిగ్గా కింద వెనక గది. ఆ గది గోడ మీద చనిపోయిన అత్తగారు చిట్టెమ్మ పెట్టిన బొట్లున్నాయి. ఏటా అమ్మవారి ఘటం గుమ్మంలోకి వచ్చి వెళ్ళాక, దానికి కలిపిన పసుపుతోనే గోడకి అయిదు బొట్లు పెట్టి, నడుమ కుంకుమ అద్దేది ఆవిడ. ఏడాదికో వరస. అడుగు నుంచి భుజం ఎత్తు దాకా ముప్ఫయ్యొక్క వరసలు. వెల్ల వేయించిన ప్రతిసారీ అంత మేరా వదిలేయించడానికి తనే పక్కన నిలబడేది. ఆవిడ పోయాక నాలుగు వరసలు మీనాకుమారి పెట్టింది.

ఈ ఏడు ఘటం గురువారం వస్తుంది.

పూరీ గేట్ దగ్గర పందిళ్ళు వేసే రిచర్డ్ బుధవారం పొద్దున నీలం టార్పాలిన్ తెచ్చాడు. మావగారు నూకరాజు పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గూడ్సు షెడ్డులో ముప్ఫయ్యేళ్ళు వేగన్ల మీద టార్పాలిన్లు కట్టిన మనిషి.

"కొప్పు దాటించి ఈధి ఏపుకి ఏలాడదియ్యాల. వాలు మీద ఆపేసినావంటే నీరు దాని కిందకే దూరతాది," అన్నాడు.

కప్పు రెండు వాలులూ కలిసే ఆ కొప్పు దాటిస్తే వీధివైపు చూరు మీద నీలం గుడ్డ వేలాడుతుంది. రేపు పేటంతా వచ్చి ఇంటిముందు నిలబడుతుంది. మీనాకుమారి మిగిలిన గుడ్డని లోపలికి మడిపించి, కొప్పుకి మూరెడు కిందే ఆపించింది. అంచులకి బద్దలు కొట్టించి, ఎక్కడా ముడత లేకుండా లాగించింది. రిచర్డ్‌కీ చేతనైన పని అదే.

"అది పందిరిగుడ్డ కాదురా. దాని కింద పెళ్ళికొడుకు కూకోడు," అన్నాడు నూకరాజు.

"కూకుంటే ఫోటోకి బాగుంటాది తాతా," అని రిచర్డ్ పైనించి నవ్వాడు.

ముసలాయన మళ్ళీ ఏదో చెప్పబోయాడు.

"మావయ్యా, ఇది వేగను కాదు, ఇల్లు. మీరు కాసేపు ఊరుకోండి," అంది మీనాకుమారి. గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచదు. రిచర్డ్ నవ్వు ఆపేశాడు. నూకరాజు తన కుర్చీ తనే మోసుకుని వీధి అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

వీధిలోంచి చూస్తే ఇంటికి ఏమీ కానట్టే ఉంది. ఆమె రెండుసార్లు వెళ్ళి చూసుకుంది.

ఆ సాయంత్రమే మళ్ళీ వాన పడింది. గాలి మడత కింద దూరి అంచుని పైకి లేపేసింది. ముందుగదిలో ఇత్తడి పళ్ళేలు తుడుస్తున్న మీనాకుమారికి తడిసిన సున్నం వాసన తగిలింది. ఆమె వెనక గదిలోకి వెళ్ళేసరికే గోడ పొడుగునా నీరు కారుతోంది. పసుపూ కుంకుమా కలిసి గచ్చు మీదికి దిగుతున్నాయి. గాభరాలో చీరకొంగు గోడకి అడ్డం పెట్టింది. కొంగు తగిలిన చోట మిగిలిన బొట్లు కూడా చెరిగిపోయాయి.

నూకరాజు గుమ్మంలో నిలబడి గోడని చూశాడు. తర్వాత చీపురు అందుకుని నీళ్ళు తూము వైపు తోశాడు. చెప్పినాను కదా అంటాడని ఆమె ఎదురుచూసింది. అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున రిచర్డ్ మళ్ళీ కప్పెక్కాడు. ఆమె అరుగు మీదికి వెళ్ళి, కొప్పు ఎంత దాటించమంటారని మావగారిని అడిగింది.

"నీకెలగ బాగుంటే అలగ కట్టించమ్మా," అన్నాడాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆమె పెరట్లోకి వచ్చి, నిన్న ఆయన చెప్పినదంతా ఒక్క మాట పోకుండా రిచర్డ్‌కి చెప్పింది.

సాయంత్రం డప్పులతో ఘటం వచ్చింది. ఎదుటి వరసలో మూడిళ్ళ మీద నీలం టార్పాలిన్లే ఉన్నాయి. మీనాకుమారి ఘటం ఎత్తుకున్నామె కాళ్ళకి పసుపునీళ్ళు పోసింది. వచ్చినవాళ్ళందరూ ఘటాన్నే చూశారు. ఒక్కరూ తలెత్తి కప్పు వైపు చూడలేదు.

జనం వెళ్ళాక పసుపు గిన్నె పట్టుకుని వెనక గదిలో నిలబడింది. గోడ ఇంకా తడిగానే ఉంది. భుజం ఎత్తున చెయ్యి ఎత్తి, దించేసింది.

"మావయ్యా, ఎక్కడ పెట్టమంటారు?"

ఆయన వచ్చి, గోడని అరచేత్తో తడుముతూ కిందికి చూపించాడు.

"అడుగునుంచే. మీ అత్త మొదటి వరస అక్కడే పెట్టినాది."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని బొట్టు పెట్టింది. తడి సున్నానికి పసుపు ఎర్రబడిపోయింది. కుంకుమ ఎక్కడ అద్దాలో కనబడలేదు.