పెయింటు మీద బిగిసిన నట్టు

అతను చక్కెర సీసా మూత తిప్పి, అలవాటుగా చివర్లో ఇంకో పావు చుట్టు బిగించి, అల్మారాలో పెట్టాడు. పొయ్యి దగ్గర భార్య నిట్టూర్చింది.

"మళ్ళీ బిగించావా? అది చక్కెర సీసా అయ్యా, బస్సు చక్రం కాదు. రేపు టీకి మళ్ళీ నిన్నే లేపాలి."

"లేపు," అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఇదే మాట.

బస్సుల షెడ్డులో అందరూ అతన్ని బిగింపు మామ అంటారు. మామతో చెయ్యి కలిపితే తర్వాత వేళ్లు లెక్కపెట్టుకోవాలని అక్కడో జోకు. పానా పట్టీ పట్టీ బొటనవేలు పక్కకి వంగిపోయింది. ఆ చేత్తో బిగించిన ముందు చక్రమే మూడు రోజుల కింద నడిరోడ్డు మీద ఊడిపోయింది. దొర్లుకుంటూ పోయి రోడ్డు ఊడ్చే ఆవిడని కొట్టింది. చేతిలో చీపురు చేతిలో ఉండగానే ఆమె ప్రాణం పోయింది.

అప్పట్నుంచి అతనికి ముద్ద దిగలేదు. నట్లు బిగించకపోవడం వల్లే ప్రమాదం జరిగిందని మేనేజరు కాగితం రాసిపెట్టాడు. ఇవాళ సాయంత్రంలోగా సంతకం పెడితే గొడవ సద్దుమణుగుతుందట. ఎవరికి సద్దుమణుగుతుందో చెప్పలేదు.

షెడ్డుకి వెళ్లి, సంతకం సంగతి తర్వాత, ఆ ఊడిన చక్రం చూడనివ్వమన్నాడు.

మోకాళ్లు పట్టేస్తున్నా నేల మీద చతికిలబడ్డాడు. బోల్టుల మరలు చెక్కుచెదరలేదు. చక్రం డిస్కులో ఆ బోల్టులు దూరే గుండ్రటి బెజ్జాలు మాత్రం కోలగా సాగిపోయాయి. అంటే నట్లు ముందే వదులై, చక్రం చాలాసేపు కొట్టుకుంది. బిగించిన నట్టు ఎందుకు వదులవుతుంది? డిస్కు తిరగేశాడు. ఇరుసు చివరి హబ్బుకి ఆనే చోట వెండిరంగు పెయింటు గోరు తగలగానే పెచ్చులా లేచింది.

అప్పుడు వెలిగింది. పెద్దాఫీసరు వస్తున్నాడని చక్రాలన్నిటికీ పెయింటు కొట్టించారు, నట్టు కూర్చునే చోటని, హబ్బుకి ఆనే చోటని కూడా చూడకుండా. గీకి బిగిస్తానంటే టైము లేదు, మెరవాలన్నాడు మేనేజరు. నోరు మూసుకుని బిగించాడు. పానా కిర్రుమంది, బిగిసిందనుకున్నాడు. రోడ్డెక్కాక వేడికి పెయింటు నలిగి రాలింది, ఆ మేరకు సందు పడింది. మొదటి ట్రిప్పు తిరిగొచ్చాక మళ్ళీ బిగించడం అతని పద్ధతి. ఆ రోజు బస్సుని షెడ్డుకి రానివ్వకుండానే రెండో ట్రిప్పుకి తోలేశారు.

పెచ్చు తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాడు.

"నట్టు బిగిసింది సార్. ఇనుము మీద కాదు, పెయింటు మీద."

"అయితే తప్పు పెయింటుదా?"

"కొట్టమన్న మీది. తెలిసీ బిగించిన నాది కూడా. రెండూ రాయండి, సంతకం పెడతా."

మేనేజరు పెచ్చుని ఉఫ్‌మని ఊదేశాడు. తర్వాత చూద్దాం పొమ్మన్నాడు.

అతను తిరిగొచ్చి, పానా పట్టుకుని ఆ చక్రానికే ఆనుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టినా లేవలేదు. కునుకు తీస్తున్నాడనుకున్నారు. షెడ్డు పెయింటరు వచ్చి భుజం తడితే పక్కకి ఒరిగిపోయాడు. పానా మీద వేళ్లు విప్పడానికి ఇద్దరు కావాల్సొచ్చింది.

సాయంత్రానికి కాగితం పైకి వెళ్లింది. నట్లు బిగించలేదనే ఉంది అందులో. పోయినవాడి సంతకం ఎవడిక్కావాలి?

మర్నాడు పరామర్శకి వచ్చినవాళ్లకి టీ పెడదామని కూతురు చక్కెర సీసా అందుకుంది. మూత రాలేదు. అల్లుడు గుడ్డ చుట్టి తిప్పాడు. పెయింటరు పళ్లు బిగబట్టి తిప్పాడు. వేణ్నీళ్లలో పెడితే వస్తుందని ఎవరో అన్నారు. అతని భార్య వద్దంది. సీసా తీసుకుని, కొంగుతో తుడిచి, ఉన్నచోటే పెట్టేసింది.

అందరూ చప్పటి టీ తాగి వెళ్లారు. అల్మారాలో సీసా అలాగే ఉంది, సగం చక్కెరతో, ఆ చివరి పావు చుట్టుతో.