రెండు దోనెల మధ్య ఎడం

"రెండు పడవల మీద కాళ్లు పెడితే నడుమ ఏట్లో పడతావమ్మా" అంది శివపార్వతి, కోడలు ఒక చేత్తో పెసరట్టు తిరగేస్తూ ఇంకో చేత్తో లాప్‌టాప్‌లో గీతలు జరుపుతుంటే. సింధూరికి నవ్వొచ్చింది. రెండు పడవల్ని కలిపి నడిపించడమేగా తను చదివిన చదువు! విశాఖలో నౌకల డిజైన్ చదివి, పటమటకి కాపురానికొచ్చి, ఇబ్రహీంపట్నం దగ్గర మామగారు తిరుపతిరావు నడిపే పడవల షెడ్డుకి జీతం లేని ఇంజనీరయింది. "ఇంటి మనిషికి జీతమేంటమ్మా, వింటే నలుగురూ నవ్విపోతారు" అన్నాడాయన. అట్లు పోసేటప్పుడూ ఇంటి మనిషే, డిజైన్ గీసేటప్పుడూ ఇంటి మనిషే. షెడ్డు ముందు బోర్డు రాయించేటప్పుడు మాత్రం తండ్రీకొడుకుల పేర్లతోనే చోటు సరిపోయింది.

టూరిస్టుల్ని తిప్పడానికి జీవరత్నం గారనే ఆసామి జంట పడవ కావాలన్నారు. అంటే పక్కపక్కన రెండు సన్నని దోనెలు, వాటిని కలుపుతూ పైన జనం కూర్చునే ఒకటే డెక్కు. దాని ప్రాణమంతా దోనెల మధ్య ఎడంలోనే ఉంటుంది. పడవ వేగం అందుకుంటే రెండు దోనెల నుంచీ లేచిన అలలు నడుమన కొట్టుకుంటాయి. ఎడం చాలకపోతే నీళ్లు అక్కడే గుట్టపడి పడవని ముందుకు పోనివ్వవు. మలుపులో పక్కకి ఒరుగుతుంది కూడా. కుక్కర్ విజిళ్ల మధ్య లెక్కలు కట్టి కట్టి ఆ ఎడం తేల్చింది సింధూరి. "మావాడు బుర్రపెట్టి గీశాడు" అని మామగారు ఊరంతా చెప్పుకున్నాడు. భర్త హర్షవర్ధన్ కాదనలేదు. "నువ్వూ నేనూ వేరా సింధూ?" అన్నాడు. పడవ కడుతున్నన్నాళ్లూ "ఆ వెల్డింగు వాళ్ల మధ్య నువ్వెందుకమ్మా" అంటూ ఆమెని షెడ్డు గడప తొక్కనివ్వలేదు.

ట్రయల్ రోజున రేవులో కొబ్బరికాయ కొట్టారు. ఎడం ఎందుకో చిన్నదనిపించి ఆమె నోరు తెరిచేలోపే చేతిలో హారతి పళ్లెం పెట్టారు. ఒడ్డున అందరూ చూస్తుండగా పడవ బయల్దేరింది. వేగం పెంచగానే నడుమన నీళ్లు ఎగజిమ్మి డెక్కు అడుగున దబదబా బాదాయి. ఇంజను మూలిగింది. ఎంత తోసినా పడవ కదలనంది.

"ఇదేంటండీ, బురదలో గేదెలాగ!" అన్నారు జీవరత్నం గారు.

"డిజైన్ మా ఆవిడదండీ" అన్నాడు హర్షవర్ధన్ ఠక్కున. "అంతా సింధూరే చేసింది. నేను పెద్దగా చూళ్లేదు."

ఓహో! బాగుంటే మావాడు, మునిగితే మా ఆవిడ. ఒళ్లు మండిపోయింది సింధూరికి. నువ్వూ నేనూ వేరా అన్న నోరే కదా ఇది!

"నేనిచ్చిన ఎడం ఎవరు తగ్గించారు మావయ్యగారూ?"

తిరుపతిరావు గొంతు తగ్గించాడు. "సిద్ధాంతి గారు వెడల్పుకి వాస్తు ప్రకారం ఆయం కుదర్లేదన్నారమ్మా. ఇంటికైనా పడవకైనా కొలత శుభంగా ఉండాలిగా. నడుమన రెండడుగులు తగ్గిస్తే ధ్వజాయం వచ్చింది. నీకు చెప్తే వాదిస్తావని చెప్పలేదు. ఇప్పుడు లెక్క తప్పానని నువ్వే ఒప్పేసుకో. ఏవో నాలుగు మార్పులు చేసి ఇచ్చేద్దాం. ఆడపిల్ల పొరపాటంటే ఎవరూ పట్టించుకోరు."

పట్టించుకోరా! రేపు ఇదే పడవ నిండా పిల్లాజెల్లా ఎక్కుతారు. మలుపులో ఒరిగితే ఆయం వచ్చి పట్టుకుంటుందా?

హారతి పళ్లెం భర్త చేతిలో పెట్టి, సింధూరి జీవరత్నం గారి వైపు తిరిగింది.

"డిజైన్ నాదేనండీ. ఈ పడవ మాత్రం నా కొలతకి కట్టింది కాదు, నడుమన రెండడుగులు కోసేశారు. ఏ మార్పులు చేసినా దీన్లో జనాన్ని ఎక్కించకండి. విప్పి, నేనిచ్చిన ఎడంతో కట్టమనండి. పరిగెత్తకపోతే అప్పుడు నన్నడగండి."

"ఇంటి గుట్టు ఏట్లో కలుపుతావా?" పళ్లు కొరికాడు తిరుపతిరావు.

"పడవ సంగతి ఏట్లో కాక వంటింట్లో మాట్లాడతామా మావయ్యగారూ?"

హర్షవర్ధన్ పళ్లెం పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు. సింధూరి అతన్ని తేరిపార చూసింది.

"ఇన్నాళ్లకి పదిమందిలో నా పేరు మీ నోట వచ్చిందండీ. బోర్డు మీద కూడా అదే రాయించండి. అప్పటిదాకా నేను గీత గీయను, ఇంకొకరు మార్చిన గీతకి పూచీ పడను."