కిందికి దిగని నాలుగు రోజులు

"ఈ నాలుగు రోజులూ నువ్వు కిందికి దిగకూడదు కదూ?" అని అడిగింది పల్మీరా, ఆలివ్ కాయలోంచి గింజ తీస్తూ, తల కూడా ఎత్తకుండా.

"అవునత్తయ్యా," అంది నీవెస్.

గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్న ఎత్తోరె విననట్టే మొహం పక్కకి తిప్పుకున్నాడు. అత్తగారెప్పుడూ అంతే. ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు అడగొచ్చు కదా, ఊహూఁ, కొడుకు చెవిన పడేలాగే అడుగుతుంది. పెళ్లయిన కొత్తలో నీవెస్‌కి ఆ మాట వింటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. తర్వాత ఒళ్లు మండేది. ఇప్పుడు సిగ్గూ లేదు, మంటా లేదు. ఎందుకంటే ఇప్పుడు ఆమె చెప్పేది పచ్చి అబద్ధం.

నీవెస్‌కి నెలసరి ఆగిపోయి రెండేళ్లు కావస్తోంది. అంకోనా పట్నంలో డాక్టరమ్మ "ఇంక అయిపోయినట్టేనమ్మా, హాయిగా ఉండు" అన్న రోజున ఆమె తిన్నగా ఇంటికి రాలేదు. రేవు దగ్గర బెంచీ మీద కూర్చుని పిస్తా ఐస్‌క్రీం తింది. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఒళ్లంతా తేలికైపోయినట్టుంది. తీరా బస్సెక్కాక, కొండ మలుపు తిరిగి తమ ద్రాక్ష తోట కనిపించాక అసలు సంగతి తట్టింది. అయ్యో, అయితే నా నాలుగు రోజులు కూడా పోయినట్టేనా?

ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే సముద్రం మీదికి వంగిన ఆ కొండ మీద పాత కుటుంబాలన్నిట్లో, నెలసరిలో ఉన్న ఆడది పీపాలున్న నేలమాళిగలోకి దిగకూడదు. దిగితే వైన్ పులిసి వెనిగర్ అయిపోతుందట. టమాటా గుజ్జు సీసాలకి పట్టకూడదు. నిలవ పెట్టే పంది తొడకి ఉప్పు రాయకూడదు. అంట్లు మాత్రం తోమొచ్చు. దుప్పట్లు ఉతకొచ్చు. అత్తగారి మోకాళ్లకి మందు రాయొచ్చు. వాటికేమీ కాదట! ఇంత తెలివిగా మైలని పంచిపెట్టిన మహానుభావుడెవరో గానీ, వాడు మాత్రం జన్మలో అంట్లు తోమి ఉండడు.

కొత్తకోడలుగా వచ్చిన ఏడాది బొలోన్యా నుంచి పెద్దమనుషులెవరో వైన్ రుచి చూడటానికి వచ్చారు. నీవెస్ జున్నుముక్కల పళ్లెం పట్టుకుని మెట్లు దిగబోతుంటే మామగారు అడ్డం నిలబడ్డాడు. "అమ్మాయ్, ఇవాళ నీ ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. "బాగానే ఉంది మామయ్యా" అంది. ఆయన మళ్లీ అడిగాడు, ఈసారి కళ్లతో. వెనకున్న పెద్దమనుషులకి ముందే అర్థమై కిసుక్కున నవ్వారు. ఆ పళ్లెం తీసుకుని ఆమె వెనక్కి ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. సరుకుల గదిలో కూర్చుని ఏడుస్తుంటే ఎత్తోరె వచ్చి, "ఇంతోటిదానికి ఏడుస్తారా ఎవరైనా? మా అమ్మ పాటించలేదూ? నీకు పోయిందేముంది, కాస్త విశ్రాంతి దొరికింది," అన్నాడు.

విశ్రాంతి అన్న మాట అతను ఊరికే అన్నాడు. నీవెస్ దాన్ని గట్టిగా పట్టుకుంది.

ఎందుకంటే మిగతా రోజుల్లో ఆ మెట్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, ఆమె మోకాళ్లు అత్తగారి మోకాళ్లని అందుకునేలా ఉన్నాయి. డెన్మార్క్ నుంచి వచ్చినవాళ్లకి రొట్టె, జపాన్ నుంచి వచ్చినవాళ్లకి సలామీ మాంసం ముక్కలు, పత్రికలవాళ్లకి వేయించిన ఆలివ్‌లు. ఎత్తోరె గ్లాసు వెలుతురుకి ఎత్తి పట్టుకుని సముద్రపు గాలి గురించీ సున్నపు నేల గురించీ మాట్లాడుతుంటే ఆమె వెనకాల నిలబడి ఖాళీ అయిన గ్లాసులు ఏరేది. ఆ గ్లాసులు సబ్బు తగలకుండా వేణ్ణీళ్లతో చేత్తోనే కడగాలి, లేకపోతే వాసన పట్టుకుంటుంది. వాళ్ల ఎర్ర వైన్‌కి దేశదేశాల్లో పేరుంది. దాని పేరు 'పల్మీరా.' సీసా మీద అత్తగారి పడుచుదనపు బొమ్మ. "మా వైన్‌కి ప్రాణం మా ఇంటి ఆడవాళ్లే," అని ఎత్తోరె ఒక పత్రికలో చెప్పాడు. ఆ ముక్క చట్రం కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. దాని మీద దుమ్ము తుడిచేది కూడా ఇంటి ఆడవాళ్లే.

ఇంకో పని కూడా ఉంది. పీపాలో వైన్ ఊరుకోదు, చెక్క తాగేస్తుంది, గాలి తాగేస్తుంది. వారం వారం మూత తీసి, తగ్గిన మేరకి అదే వైన్ పోసి నింపి, మూత బిగించాలి. ఖాళీ వదిలితే గాలి చేరి చెడిపోతుంది. వైన్ చేయడంలో సగం అదే. కానీ ఆ ఇంట్లో దాన్ని వైన్ పని అనరు. "కుండలో నీళ్లు పోసినట్టేగా" అని మామగారు మొదట్లోనే కోడలికి అప్పగించాడు. నీవెస్ దిగకూడని రోజుల్లో మాత్రం ఎత్తోరె నింపాలి. అదీ మామగారు పెట్టిన నియమమే.

అందుకని ఆ నాలుగు రోజులూ ఆమెవి. అతిథులొస్తే ఎత్తోరె తనే పళ్లాలు మోసుకునేవాడు, తిట్టుకుంటూ. ఆమె పైగదిలో, సముద్రం వైపున్న కిటికీ దగ్గర పాత కుర్చీలో కూర్చుని, కాళ్లు ముక్కాలిపీట మీద చాపుకుని, బాదంపప్పులు తినేది. మధ్యాహ్నం నిద్రపోయేది. ఎవరూ పిలిచేవారు కాదు. ఒంట్లో బాగాలేదంటే "ఏమైంది, డాక్టరుకి చూపించుకో" అనేవాళ్లు. అలిసిపోయానంటే "ఎవరు అలిసిపోలేదు?" అనేవాళ్లు. ఈ ఒక్కదానికి మాత్రం ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఇన్నేళ్లూ తనని అవమానించిన నియమమే తనకి దక్కిన ఒకే ఒక్క సెలవు. అది ఎలా వదులుకుంటుంది? వదులుకోలేదు. నెలనెలా గుర్తుపెట్టుకుని మరీ అబద్ధమాడింది.

ఇప్పుడు కష్టం ఎక్కడొచ్చిందంటే, మార్తా దగ్గర వచ్చింది.

మార్తా ఆమె కూతురు. పీసాలో వైన్ చదువు చదివి వసంతంలో ఇంటికొచ్చింది. కిందికి ఎప్పుడు పడితే అప్పుడు దిగేది. "నాన్నా, నాకు నెలసరి. వైన్‌కి చెప్పు, ఏమైనా అనుకుంటుందేమో," అని నవ్వేది. ఎత్తోరె నవ్వేవాడు కాదు. జేబులో తాళాల గుత్తి తడుముకునేవాడు. ఇనుము ముట్టుకుంటే కీడు పోతుందని అతని నమ్మకం. పోయిన వారం జర్మనీ నుంచి వచ్చిన బేరగాడి ముందు మూలనున్న పెద్ద పీపా తెరిస్తే గుప్పున వెనిగర్ వాసన వచ్చింది. ఆ క్షణం నుంచీ అతను కూతురితో సరిగ్గా మాట్లాడటం లేదు.

ఆ పీపా ఎందుకు పోయిందో నీవెస్‌కి తెలుసు. ఆగస్టులో, ఆమె పైన బాదంపప్పులు తింటున్న రోజుల్లో, ఎత్తోరె ఎవరికోసమో అందులోంచి రెండు పెద్ద కూజాలు తీశాడు. తిరిగి నింపలేదు. మూత కూడా బిగించలేదు. తర్వాత ఆమె దిగేసరికి మూత పీపా పక్కన దొర్లుతోంది, ఎండకి నేలమాళిగ కూడా వేడెక్కి ఉంది. పీపా దగ్గర ముక్కు పెట్టగానే పులిసిందని తెలిసిపోయింది. నింపి, మూత బిగించి, నోరు మూసుకుంది. చెబితే, "అన్ని రోజులు నువ్వెక్కడున్నావు?" అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నలోంచి ఇంకో ప్రశ్న వస్తుంది. రెండేళ్ల అబద్ధం ఎక్కడ బయటపడుతుందోనన్న భయంతో పెదవి విప్పలేదు. ఆ నింద కూతురి మీద పడుతుందని అప్పుడు తోచలేదు.

ఇవాళ కోతలు మొదలు. కోతల మొదటి రోజు మధ్యాహ్నం, కూలివాళ్లందరితో కలిసి ముంగిట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, ఇంటి యజమాని నేలమాళిగ తాళంచెవి ఒకరి పళ్లెం పక్కన పెడతాడు. ఆ ఏడు వైన్ వాళ్ల చేతిలో ఉన్నట్టు. మామగారు ఎత్తోరె పళ్లెం పక్కన పెట్టాడు ఒకప్పుడు. ఈ ఏడు మార్తాకే అని ఊరంతా అనుకున్నారు. మార్తా అయితే పొద్దున్నే తల స్నానం చేసి, చిన్నప్పుడు పుట్టినరోజుకి కూర్చున్నట్టు కూర్చుంది. దాని జుట్టు ఇంకా తడిగానే ఉంది.

నీవెస్ పెద్ద పళ్లెం నిండా మాంసం పొరల పాస్తా తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. అప్పుడే చూసింది. తాళంచెవి మార్తా దగ్గర లేదు. ఎత్తోరె చెల్లెలి కొడుకు రెంజో పళ్లెం పక్కన ఉంది.

మార్తా దాన్ని చూసింది. రొట్టె తుంచి, తుంచిన ముక్కని మళ్లీ తుంచి, అలా తుంచుతూనే ఉంది.

"రెంజో ఈ ఏడు చూసుకుంటాడు," అన్నాడు ఎత్తోరె, ఎవరి మొహమూ చూడకుండా. "మార్తా తోట చూసుకుంటుంది. తప్పేముంది? పెద్ద పీపా ఏమైందో అందరికీ తెలుసు. ఏ రోజుల్లో పడితే ఆ రోజుల్లో దిగితే అలాగే అవుతుంది. పెద్దవాళ్లు ఊరికే చెప్పరు. మీ అమ్మని చూసి నేర్చుకో. ఇన్నేళ్లలో ఒక్కసారైనా హద్దు దాటిందా?"

నీవెస్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మీ అమ్మని చూసి నేర్చుకో. అప్పుడు పళ్లెం పట్టుకుని వెనక్కి నడిచిన ఆ పిల్ల కళ్లముందు కదిలింది. ఆ పిల్ల ఏడ్చింది ఒక్కరోజే. తర్వాత బేరం కుదుర్చుకుంది. పరువిచ్చి నాలుగు రోజులు కొనుక్కుంది. తన పరువు, సరే, తన ఇష్టం. ఇప్పుడు కూతురి పరువు కూడా అందులో వేస్తున్నారు. ఇది కుదరదు. ఆ కుర్చీ, ఆ కిటికీ, ఆ బాదంపప్పులు, అన్నీ పోతే పోనీ.

"నాకు నెలసరి ఆగిపోయి రెండేళ్లయింది," అంది.

ఎత్తోరె మొహం కందగడ్డయింది. "నీవెస్! అందరి ముందూ ఏంటిది!"

"నీ కూతురి సంగతి అందరి ముందూ నువ్వు మాట్లాడలేదూ? నా సంగతి నేను మాట్లాడుతున్నాను. రెండేళ్ల నుంచీ నెలకి నాలుగు రోజులు అబద్ధం చెప్పి పైన కూర్చుంటున్నాను."

"అంటే ఆ పీపా పోయింది నీ అబద్ధం వల్లేనన్నమాట!"

"ఆగస్టులో అందులోంచి రెండు కూజాలు తీసింది ఎవరు? మూత దొర్లించి వెళ్లింది ఎవరు? నేను దిగని రోజుల్లో నింపాల్సింది నువ్వు. నింపావా?"

ఎత్తోరెకి గుర్తొచ్చినట్టుంది. చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. తాళాల గుత్తి చప్పుడైంది.

"నేను ఆ రోజే వాసన చూశాను. చెప్పలేదు. అది నా తప్పు," అంది నీవెస్ కూతురి వైపు తిరిగి. "నా సెలవు పోతుందని భయపడ్డానే. నీమీదికొస్తుందనుకోలేదు."

మార్తా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ పెదాలు నవ్వుతున్నాయి. "రెండేళ్లా అమ్మా? బాదంపప్పులు తింటూనా?"

అప్పుడు బల్ల చివర్నించి ఏదో వింత చప్పుడొచ్చింది. పల్మీరా నవ్వుతోంది. భుజాలు కదిలిపోతున్నాయి, నోట్లో ఆలివ్ గొంతుకి ఎక్కడ అడ్డం పడుతుందోనని పక్కనున్న, కోతలకొచ్చినామె వీపు నిమురుతోంది.

"రెండేళ్లకే పట్టుబడ్డావా, పిచ్చిదానా!" అంది పల్మీరా. "నేను అరవై దాటేదాకా లాక్కొచ్చాను."

"అమ్మా!" అన్నాడు ఎత్తోరె. "నీకు అరవై దాటేదాకా..."

"ఎక్కడరా! నలభై ఎనిమిదికే అయిపోయింది. మీ నాన్నకి ఒక్క వైన్ వయసే తెలుసు, పెళ్లాం వయసు ఎప్పుడూ గుర్తు లేదు." కళ్లు తుడుచుకుని కోడలి వైపు చూసింది. "పైన కిటికీ దగ్గరికి ఆ కుర్చీ ఎవరు లాగారనుకున్నావు? నీకు ఆగిపోయిన సంగతి నేను కనిపెట్టలేననుకున్నావా? వీడు వినాలనే కదా నెలనెలా గట్టిగా అడిగేదాన్ని!"

నీవెస్ గరిటె బల్ల మీద పెట్టేసింది. ఇన్నేళ్లు తన మీద విసురుతోందనుకున్న ఆ మాటని, చివరి రెండేళ్లూ ముసలావిడ తన చేతికి అందిస్తోందన్నమాట! నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "ఒక్క మాట చెప్పొచ్చు కదత్తయ్యా?"

"చెబితే సెలవుంటుందీ?" అంది పల్మీరా.

రెంజో తాళంచెవి తీసి బల్ల మీదుగా మార్తా వైపు గబగబా తోసేశాడు. "బతికిపోయాను మామయ్యా. ఆ చీకట్లో, ఆ చలిలో పీపాల మధ్య తిరగడం నావల్ల కాదు. మోటారు బైకు కొనిస్తామని అమ్మ ఒప్పించింది గానీ!" కూలివాళ్లు గొల్లున నవ్వారు. ఎత్తోరె నవ్వలేదు. కానీ చెయ్యి చాచి తాళంచెవి వెనక్కి తీసుకోనూ లేదు. కాసేపటికి తన పళ్లెం తనే ముందుకి జరిపి, "ఎవరైనా కాస్త పాస్తా పెడతారా?" అన్నాడు.

"గరిటె అక్కడే ఉంది," అంది నీవెస్. అతను లేచి తనే వడ్డించుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె మార్తాతో కలిసి నేలమాళిగ మెట్లు దిగింది. పళ్లెం లేకుండా, ఉత్త చేతులతో. ఎంత హాయిగా ఉందో! మూలనున్న పెద్ద పీపా మూత తీసి ఇద్దరూ వాసన చూశారు. ముక్కులు మూసుకున్నారు. "వెనిగర్‌గా మాత్రం అద్భుతంగా ఉంది," అంది మార్తా. "దీనికి నాన్న పేరు పెడదాం." మెట్ల మీద కూర్చుని ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

కోతలు అయిపోయాయి. వైన్ పీపాల్లోకి చేరింది. నవంబరు వచ్చింది. ఒక ఉదయం వంటింట్లో, నార్వే నుంచి అతిథులు వస్తున్నారని ఎత్తోరె గుమ్మంలో నిలబడి కంగారు పడుతుంటే, పల్మీరా ఆలివ్ గింజ తీస్తూ, తల ఎత్తకుండా, గట్టిగా అడిగింది.

"ఈ నాలుగు రోజులూ నువ్వు కిందికి దిగకూడదు కదూ?"

నీవెస్ ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించింది. గూట్లోంచి బాదంపప్పుల డబ్బా తీసుకుంది.

"దిగొచ్చు అత్తయ్యా," అంది. "దిగను."